పెద్ద బాబా తూటాలు

అరబ్బు దేశంలో, సల్వా అనే చోట నేను పనిచేసిన ఇంట్లో యజమాని తండ్రిని పెద్ద బాబా అనేవాళ్లం. ఆయన ఒకప్పటి సైనికుడు. తన పాత రైఫిలుకు తూటాలు దొరకవని, కాల్చిన ఖాళీ తొడుగుల్లో మందు పోసి, గుండు బిగించి ఒక గదిలో తనే తయారుచేసుకునేవాడు. మందు పోసేటప్పుడు "ష్వయ్ ష్వయ్" అంటూ తన చేతులకే నెమ్మది చెప్పుకునేవాడు.

"ఆ గదిలో జాగర్తక్కా, రవ్వ పడితే ఇల్లే లేచిపోతాది," అనేవాడు ఆ ఇంట్లోనే పనిచేసే రాయచోటి డ్రైవరు. నేను బిక్కుబిక్కుమంటూ తుడిచి బయటపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను గది తుడుస్తుంటే, మందు పోస్తున్న పెద్ద బాబా చేయి గాల్లోనే ఆగిపోయింది. అప్పటికే బిగించిన తూటా ఒకటి చూపించి, "దీంట్లో ఒకసారి పోశానా, రెండుసార్లా? నువ్వు చూశావా?" అని అరబ్బీలో అడిగాడు.

"చూళ్లేదు బాబా," అన్నాను. మందు ఎక్కువైతే రైఫిలు కాల్చేవాడి మొహం మీదే పగులుతుందట. మర్నాడు ఎడారిలో కాల్చబోయేది ఆయన కొడుకు.

ఆయన బిగించిన గుండ్లన్నీ ఒక్కొక్కటే పీకి మందు ఒలకబోశాడు. ఒకదాంట్లోంచి రెండింతలు రాలింది. "ఖలాస్," అని గదికి తాళం వేసి, తాళంచెవి కొడుక్కిచ్చేశాడు.

ఆ తర్వాత టీలో చక్కెర వేసుకున్నాడో లేదో కూడా నన్నే అడిగేవాడు. వేసుకున్నారని చెప్పినా, కప్పు నోటి దగ్గరే పట్టుకుని నా మొహంలోకి భయంగా చూసేవాడు.