డూమా, త్రాషా, అత్తమ్మా?

మాచర్లలో మోత పెరిగితే జనం చెవులు మూసుకుంటారు. మైకుసెట్టు కోటిబాబు మాత్రం ఆ మోతకు పేరు పెడతాడు. చెవినబడ్డ చప్పుడు ఫలానా రకమని తేల్చి చెప్పందే అతనికి ముద్ద దిగదు. కుర్రతనంలో హైదరాబాదులో సౌండు పని నేర్చుకుంటున్నప్పుడు మెటల్ సంగీతం అంటుకుంది. అందులోని రకాల పిచ్చి అంతకంటే గట్టిగా అంటుకుంది. మిక్సీ తిరిగితే గ్రైండ్‌కోర్. రాళ్ళ లోడుతో ఎత్తు ఎక్కలేక మూలిగే లారీ డూమ్. పలకరాళ్ళు కోసే మిషను ఇండస్ట్రియల్. పెళ్ళాం వనజ తిట్లు త్రాష్.

“తిట్టేదాన్ని సుఖంగా తిట్టనియ్యవేందయ్యా?” అంటుంది వనజ.

“నీది ఉత్త త్రాష్ కాదే, టెక్నికల్ త్రాష్. మధ్యలో తాళం మారుద్ది.”

వనజకు నవ్వొస్తుంది. నవ్వితే అప్పటిదాకా తిట్టిందంతా వృథా అని వంటింట్లోకి పారిపోతుంది.

మెటల్ అంటే అంతా ఒకటే గోల కదా అని ఎవరైనా నోరు జారారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. “గుంటూరు యార్డుకు పోయి ఉత్త మిరపకాయలు ఇమ్మంటావా? తేజానా, బాడిగా అనడగరూ? ఒకటి కారం, ఒకటి రంగు. ఇదీ అంతే. డూమ్ అంటే నిదానం, బరువు. త్రాష్ అంటే చురుకు, కోపం. పవర్ అంటే పెళ్ళికొడుకు గుర్రమెక్కినంత హుషారు. పేరు చెప్తే సగం పాట విన్నట్టే.”

మాట సబబే. వచ్చిన చిక్కల్లా కోటిబాబు సబబు దగ్గర ఆగకపోవడమే.

కారంపూడిలో ప్రభాకరరావుగారి గృహప్రవేశానికి బాక్సులు పెట్టి, సౌండు చూద్దామని తనకిష్టమైన పాటొకటి వదిలాడు. పాటంటే పాట కాదు, ఒకే ఒక్క ధ్వని, గుండెల్లో దిగబడేట్టు అట్టా మోగుతూనే ఉంటుంది. ప్రభాకరరావుగారు పట్టుపంచె ఎగ్గట్టుకుని వీధిలోకి ఉరికాడు. “ఒరేయ్, ట్రాన్స్‌ఫార్మర్ పేలేట్టుంది, లైన్‌మన్‌ని పిలవండిరా!” పొంగబోతున్న పాలగిన్నెను ఆడవాళ్ళు పొయ్యి మీదనుంచి దించేశారు. లైన్‌మన్ స్తంభమెక్కి, దిగి, లోపమేమీ లేదన్నాడు. కోటిబాబుకు మనసు చివుక్కుమంది. “లోపమేందండీ! డ్రోన్ డూమ్ అది!” అన్నాడు. అప్పట్నుంచీ ఆ వైపు ఫంక్షన్లవాళ్ళు, “బాక్సులు నీవి, పాటలు మావి” అని ముందే మాట తీసుకుంటున్నారు.

ఊళ్ళో మెటల్ వినే మనిషి ఇంకొకడున్నాడు, బస్టాండు దగ్గర సెల్లులు బాగుచేసే ముజాహిద్. పాపం ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళు. ఒక పాట డెత్ మెటలని కోటిబాబు, కాదు మెలోడిక్ డెత్ అని ముజాహిద్ పట్టుబట్టేదాకా. ఆనాటినుంచి మాటల్లేవు. “ఊరు మొత్తానికి ఇద్దరే వింటారు, ఆ ఇద్దరికీ రెండు పార్టీలు!” అని వనజ తల కొట్టుకుంది.

ఇంతలో వనజ తల్లి పోలేరమ్మకు నరసరావుపేటలో మోకాలి ఆపరేషన్ అయింది. ఇంటికి పంపిస్తూ డాక్టరు గట్టిగా చెప్పాడు. “నొప్పి ఓర్చుకుని రోజూ కాలు వంచాలి. ఇప్పుడు వంగకపోతే కర్రలా ఉండిపోద్ది.” కూతురింట్లో మంచం వేశారు. వనజకు చీరల కొట్లో పని. పగలంతా ఇంట్లో ఉండేది అత్తా, అల్లుడూ.

అక్కడే వచ్చింది తంటా. పోలేరమ్మ పాతకాలపు మనిషి. అల్లుడి ఎదట కూర్చోదు. అతను గుమ్మంలోకి వస్తే లేచి కొంగు తలమీదకు లాక్కోవాల్సిందే. మాట ఏదన్నా ఉంటే తలుపుచాటు నుంచి కూతురితో చెబుతుంది, “ఆయన్ని కాఫీ తాగుతాడేమో అడగవే” అని. పెళ్ళైన నాటినుంచీ ఇదే వరస. ఇప్పుడా లేవడం కొత్త మోకాలికి పడదు. నొప్పి సంగతి అల్లుడితో చెప్పడం ఆమె మర్యాదకు పడదు. సాయంత్రం కూతురడిగితే “ఏం లేదమ్మా” అంటుంది. కాలు చూస్తే వంగడం లేదు. వనజకు గుండెల్లో దిగులు పట్టుకుంది.

దానికి తోడు మొగుడి వాలకమొకటి. గుమ్మానికి పాత చీరతో పరదా కట్టాడు. తను ఎండలో వరండాలో కూర్చుని, బాక్సులు విప్పుకుంటూ, పొద్దస్తమానం ఆ గోల పాటలు పెడుతున్నాడు. “లోపల ఒక మనిషుందన్న ధ్యాసుందా నీకు?” అని వనజ ఎగిరితే, “బ్లాకెండ్ త్రాష్,” అని గొణిగి తలొంచుకున్నాడు.

పక్కింటి మెహరున్నీసా కొట్టుకే వచ్చింది. “వనజా, మీ ఆయన పెద్దామెకు దయ్యాల పాటలు పెడతన్నాడే. ఆమె కూడా లోపల్నుంచి ఇంగ్లీషులో ఏందో అరస్తా ఉంది!”

వనజ ఓనరమ్మకు చెప్పి ఆటో ఎక్కింది. ఇవాళ ఆ ఫోను నూతిలో పడాల్సిందే అనుకుంటూ గేటు దగ్గర దిగి, ఆగిపోయింది.

గడప మీద ఫోను. ఈడుస్తూ ఈడుస్తూ ఏదో పాట.

“అత్తమ్మా, పాట ఏ రకం?” అన్నాడు కోటిబాబు పరదాతో.

“డూమ్,” అంది పరదా లోపల్నుంచి పోలేరమ్మ.

కోటిబాబు వేడినీళ్ళ సంచి పరదా కిందనుంచి లోపలికి తోశాడు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. “ఇప్పుడో?”

“త్రాష్.”

ఈసారి గుడ్డలో చుట్టిన ఐసు వెళ్ళింది. పాట మాత్రం మారలేదు. అదే పాట, అదే ఈడ్పు. వనజకు అప్పుడర్థమైంది, అమ్మ చెబుతున్నది పాట సంగతి కాదని, నొప్పి సంగతని. బరువుగా లాగితే డూమ్, చురుక్కున పొడిస్తే త్రాష్. అల్లుడితో మోకాలి గురించి చెప్పకూడదు గానీ, పాట గురించి అడిగితే చెప్పొచ్చు కదా! తను లోపలికి వెళితే ఆమె లేస్తుందనే ఈ పిచ్చి మనిషి ఎండలో మాడుతున్నాడు.

“ఇక కాలు వంచాల అత్తమ్మా. పవర్ మెటల్ పెడతన్నా. గిటారు ఆగిందాకా వంచు.”

గిటారు పరుగందుకుంది. లోపల మూలుగు కేకయింది.

“ఏ రకం అత్తమ్మా?”

“త్రాష్! త్రాష్!”

ఇక్కడ కోటిబాబులోని పండితుడు నిద్రలేచాడు. “ఉత్త త్రాషా? మంట కూడా ఉంటే బ్లాకెండ్ త్రాష్ అవుద్ది. లేకపోతే క్రాసోవరా? సరిగ్గా చెప్పు, అది వేరు ఇది వేరు—”

“ఏ తగలబడ్డ రకమైతే నీకేందిరా నాయనా! మోకాలు పీక్కుపోతా ఉంది, లోపలికొచ్చి పట్టుకో!”

గిటారు తన మానాన తను మోగుతోంది. పెళ్ళైనాక, ఈ రకాల పేర్లు కాక, అత్త నోటివెంట నేరుగా విన్న మొదటి మాట అది. కోటిబాబు బిక్కమొహం వేసి, గేటు దగ్గరున్న పెళ్ళాన్ని చూశాడు. “వనజా, ఇది ఏ రకమో తెలవట్లేదే.”

“లోపలికి పోవయ్యా ముందు!”

అతను పరదా ఎత్తి లోపలికి పోయాడు. పోలేరమ్మ కొంగు సర్దుకుంది గానీ లేవలేదు. అతను మడమ కింద చెయ్యిపెట్టి పట్టుకున్నాడు. ఆమె పళ్ళు బిగబట్టి కాలు వంచింది.

“నాతో ముందే చెప్పి చావొచ్చుగా?” అంది ఆ సాయంత్రం వనజ, కళ్ళు తుడుచుకుంటూ.

“చెప్తే నువ్వు అమ్మనడుగుతావు. ఆమె సిగ్గుపడి ఆ రెండు పేర్లు కూడా మానేస్తది.”

కొన్నాళ్ళకు ముజాహిద్ ఆంప్లిఫయర్ బోర్డు ఒకటి పట్టుకుని తనే వచ్చాడు. మాటలు కలిశాయి. కలిసిన మరు నిమిషం ఆ పాత పాటే మళ్ళీ వరండాలోకొచ్చింది. డెత్ అని ఒకడు, మెలోడిక్ డెత్ అని ఒకడు. అరుపులకు పోలేరమ్మ గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ బయటికొచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ అల్లుడికి ఎదురుగా లాక్కుంది. కూర్చుంది. కాలు చక్కగా వంగింది.

“ఏదీ, పెట్టండి.”

ఇద్దరూ కోర్టులో నిలబడ్డట్టు నిలబడ్డారు. ఆమె పాట మొత్తం విని పెదవి విరిచింది. “అరుపైతే అరుస్తన్నాడు గానీ, నొప్పి లేదు వీడికి. రాగం బానే ఉంది.”

“రాగముందంటే మెలోడిక్కేగా? నేను గెలిచినట్టేగా?” అని ముజాహిద్ ఎగిరాడు.

కోటిబాబు పాట వింటేగా! అత్త మోకాలి వంకే చూస్తున్నాడు.

“అవును భాయ్, నువ్వే గెలిచావు,” అన్నాడు.

ముజాహిద్ బిత్తరపోయాడు. “ఏంది వదినా, ఈయనకు జొరం గానీ వచ్చిందా?”

“జొరమేం లేదులే, కూర్చో,” అని వనజ నవ్వుకుంటూ అందరికీ కాఫీ కలపడానికి లోపలికి పోయింది.

“అల్లుడికి చక్కెర ఎక్కువెయ్యవే,” అని కేకేసింది పోలేరమ్మ. అంతలోనే నాలిక్కరుచుకుని అతని వైపే తిరిగింది. “ఎంత వెయ్యమంటావు నాయనా?”