మా బావ లెక్కపెట్టిన చేపలు

మా బావ చేపల వయసు చెబుతాడు. మనుషుల వయసు దగ్గర మాత్రం అంత నమ్మదగినవాడు కాదు. మా అక్క ముప్పై దాటి చాలాకాలమైనా, ఎవరడిగినా ముప్పై అనే చెబుతాడు. అందుకే ఆ ఇంట్లో గొడవలు తక్కువ.

చేపల మీద పరిశోధన చేసే విభాగంలో ఆయన ల్యాబ్ అసిస్టెంటు, నేను అదే విభాగం ఆఫీసులో గుమాస్తాను. చేప తలలో, చెవి దగ్గర, బియ్యపు గింజంత రాయి ఒకటుంటుంది. దాని మీద ఏడాదికో వలయం పడుతుంది. బావ ఆ రాయిని తీసి, గాజుపలక మీద అతికించి, గరుకు కాగితంతో వెలుతురు ఇటు నుంచి అటు కనబడేంత పల్చగా అరగదీసి, మైక్రోస్కోపు కింద వలయాలు లెక్కపెడతాడు. ఒక్కో రాయిని రెండుసార్లు, పది రోజుల ఎడంతో, మొదటి లెక్క చూసుకోకుండా లెక్కపెట్టాలి. రెండూ కలిస్తేనే పుస్తకంలో ఎక్కించాలి. ఇరవై రెండేళ్ళుగా ఆయనకిదే పని. ఇంట్లో పొయ్యి మీద పాలు చూడమంటే మాత్రం రెండు నిమిషాలు నిలబడలేడు.

ఆయన లెక్కలు పెట్టుకుని మావాళ్ళు బోలెడు పేపర్లు అచ్చు వేయించుకున్నారు. పేపరు పైన రచయితల పేర్లుంటాయి. ఎవరి పేరు ముందుండాలి, ఎవరిది వెనకుండాలి అన్నదాని మీద మా విభాగంలో జరిగే పోరు నేను కళ్ళారా చూశాను. బస్సులో కిటికీ సీటు కోసం కూడా జనం అంత కొట్టుకోరు. బావ పేరు మాత్రం ఒక్క పేపరులోనూ లేదు. చిట్టచివర “సాంకేతిక సిబ్బందికి కృతజ్ఞతలు” అని ఒక ముక్క ఉండేది. “ఆ సిబ్బంది నేనే” అని అక్కకు చూపించి మురిసిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. వెళ్ళి అడగవేం బావా అంటే, నా పేరు వేస్తే చేపల వయసేమైనా మారుతుందా అని నవ్వేసేవాడు.

ఆ మధ్య ఒక పరిశోధక విద్యార్థిని మూడేళ్ళపాటు సరస్సులో చేపలు పట్టించి, ఏటేటా వలల్లో లేత వయసు చేపలే ఎక్కువగా పడుతున్నాయని తేల్చింది. పేపరు రాసింది ఆ పిల్లే. దాని మీద ఆరు పేర్లు. ఆ పిల్ల, దారి చూపించిన గైడు మేడమ్, గణాంకాలు చూసిన లెక్చరర్, ఈ ముగ్గురూ సరే. నాలుగోవారు మా హెడ్డుగారు, హెడ్డు కాబట్టి. ఐదో ఆయన, చేపలు దాచుకోవడానికి తన ఫ్రిజ్‌లో ఒక అర ఇచ్చిన పక్కగది ప్రొఫెసరు. ఆరో ఆయన హెడ్డుగారి పాత స్నేహితుడు. ఆయన ఏం చేశారో ఫైళ్ళన్నీ నా బీరువాలోనే ఉన్నా నేను ఇప్పటికీ కనుక్కోలేకపోయాను.

పేపరు వచ్చిన అయిదు నెలలకు జర్నల్ వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రెండో ఏడాది పట్టిన చేపలు వాటి పొడవుకు ఉండాల్సిన వయసు కన్నా ఒక్కో ఏడు చిన్నవిగా ఉన్నాయి, ఈ అంకెలు నిజంగా లెక్కపెట్టినవేనా అని దాని సారాంశం. కల్పించినవని తేలితే ఆ పిల్ల డాక్టరేటు పోయినట్టే. రెండు నెలల్లో థీసిస్ ఇవ్వాల్సిన పిల్ల.

హెడ్డుగారు మీటింగు పెట్టారు. మాటలు రాసుకోవడానికి నేను కూర్చున్నాను. పేరు కోసం భుజాలు రాసుకుంటూ ముందుకొచ్చినవాళ్ళు ఆ రోజు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. హెడ్డుగారు సలహా మాత్రమే ఇచ్చారట. పక్కగది ఆయన ఫ్రిజ్ మాత్రమే ఇచ్చారట. స్నేహితుడైతే, అలాంటి పేపరొకటి ఉందని ఈ ఉత్తరం వల్లే తెలిసిందని రాసి పంపారు. అంకెల బాధ్యత విద్యార్థినిదే అని హెడ్డుగారు తేల్చేశారు. గైడు మేడమ్ ఒప్పుకోలేదు, విచారణ కావాలని పట్టుబట్టారు.

సాయంత్రం బావకు చెప్పాను. రెండో ఏడాది అనగానే ఆయన మొహం పాలిపోయింది. ఆ ఏడాదంతా కళ్ళజోడు మార్చుకోమని అక్క పోరుతూనే ఉంది, ఈయన నాకేం ముసలితనం రాలేదంటూ వాయిదా వేస్తూనే ఉన్నాడు. అంచున సన్నగా ఉండే ఆఖరి వలయం కంటికి ఆనలేదు. రెండుసార్లూ లెక్కపెట్టింది అదే కళ్ళజోడుతో కాబట్టి లెక్కలు చక్కగా కలిశాయి. బావ పుణ్యమా అని ఆ చేపలన్నీ ఒక్కో ఏడు చిన్నవైపోయాయి.

“నోరు మూసుకుని ఊరుకో బావా. నీ పేరు ఎక్కడా లేదు, ఇన్నాళ్ళకి అదే మంచిదైంది,” అన్నాను.

ఆయన నా మొహం కేసి చూడలేదు. మర్నాటి నుంచి, కొత్త కళ్ళజోడుతో, ఆ తొంభై నాలుగు రాళ్ళూ మళ్ళీ రెండేసిసార్లు లెక్కపెట్టాడు. మూడు వారాలు పట్టింది.

విచారణకు వేరే విభాగం నుంచి ఒక ప్రొఫెసరమ్మ వచ్చారు. ఎవరినీ గద్దించలేదు. ఈ పేపరుకు మీరేం చేశారో సొంత దస్తూరీతో రాసి సంతకం పెట్టమని ఆరుగురికీ తలో కాగితం ఇచ్చారంతే. ఫ్రిజ్ ఆయన కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి చాలాసేపు కూర్చున్నారు. అప్పుడు బావ ఎవరూ పిలవకుండానే పుస్తకం చంకన పెట్టుకుని లోపలికొచ్చాడు. తప్పు తనదేనని చెప్పి రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టాడు. సరిచేసిన అంకెలతో ఆ పిల్ల తేల్చిన విషయం కాస్త బలం తగ్గినా, నిలబడుతోంది.

“అచ్చుకు పంపేముందు ఈ పేపరు మీకు చూపించారా?” అని ఆవిడ అడిగారు.

“లేదండీ. చూపించుంటే అప్పుడే పట్టుకునేవాణ్ణి. అంత పొడుగు చేపకి రెండేళ్ళేంటండీ.”

బావ పుస్తకాన్ని ఆవిడ ముందుకు జరిపి, “తప్పెవరు చేశారో రాయాలి కదండీ. నా పేరు రాయండి,” అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన తన పేరు రాయమని అడగడం అదే మొదటిసారి. నోరు మూసుకోమన్నందుకు నాకు సిగ్గేసింది.

లెక్కపెట్టినవాడు, దానికి జవాబు చెప్పుకునేవాడు రచయితే అవుతాడని ఆవిడ రాశారు. బావ సరేనని సంతకం పెట్టాడు. కాగితం మీద రాయడానికేమీ దొరకని ముగ్గురూ తమ పేర్లు తీసేయమని సంతకాలు పెట్టారు. జర్నల్ సవరణ అచ్చు వేసింది. ఆ పిల్ల థీసిస్ ఇచ్చింది.

ఆ సవరణ తీసుకెళ్ళి అక్కకు చదివి వినిపించాను. రెండో ఏడాది వయసుల లెక్కలో పొరపాటు ఈయనదని, తిరిగి లెక్కపెట్టిందీ ఈయనేనని ఉంది. పైన నాలుగు పేర్లలో బావ పేరు మూడోది.

అక్క ఆ పేరు మీద వేలు పెట్టి కాసేపు చూసింది. “ఇదివరకు ఆరుగురున్నారన్నావుగా. మిగతావాళ్ళేరి?”

నేను నోరు తెరిచేలోపే బావ అన్నాడు, “వాళ్ళు చేపల్ని చూడలేదే.”