తాక్ సార్జెంటు తాడు దాటిన కిమ్చి

సైన్యం ట్యాంకులు రైలెక్కి పోవడం పరమ రహస్యమట! మా ఉన్‌గోక్ స్టేషన్లో ఆ రహస్యం తెలియనిది తెల్లారి గనిలోంచి పైకొచ్చే బొగ్గు కూలీల గాడిదకి ఒక్కదానికే. పక్క లైను పొడవునా ఎర్ర తాడు కట్టారంటే ట్యాంకులొస్తున్నట్టే. ట్యాంకులొస్తే వాటి కాపలా సార్జెంటు తాక్ ఇల్‌బే వస్తాడు. అతనొస్తే పెళ్ళాం ఓక్‌బున్ తాడు దగ్గర నిలబడి తిట్లు లంకించుకుంటుంది. టిక్కెట్టు లేని సినిమా కదా, ఊరంతా హాజరు.

తాక్ ఇల్లు ఆ స్టేషన్ వెనకే. వ్యాగన్ మీద నిలబడితే పొగగొట్టం కనిపిస్తుంది. అయినా మహానుభావుడు రైలు వదిలి గడప తొక్కడే! ముప్ఫై ఏళ్ళుగా తను కాసిన బండి మీద పరాయి చెయ్యి పడలేదని అతని గర్వం. ఒక్క బోల్టు పోలేదు. టార్పాలిన్ కింద ఏముందో ఎవడూ తొంగి చూడలేదు. బండి ఆగడమే తడవు, దిగి ట్యాంకులకి బిగించిన గొలుసులన్నీ సుత్తితో తట్టి చూస్తాడు, పుచ్చకాయ బేరమాడేవాడిలా.

"ఆగు! ఎవరది?"

"నీ పెళ్ళాన్నయ్యా! కళ్ళు దొబ్బాయా?"

"సంకేత పదం చెప్పు."

"నీ మొహం!"

"తప్పు. వెనక్కి పో."

ఓక్‌బున్ బాధ వేరే. ఊళ్ళో కిమ్చి, అదే క్యాబేజీ ఊరగాయ, పెట్టే రోజులూ, సైన్యం విన్యాసాల రోజులూ ఏటా ఒకేసారి వచ్చి పడతాయి. కొత్త కిమ్చి ఇరుగుపొరుగు అందరి నోట్లో పడుతుంది, కట్టుకున్నవాడి నోట్లో తప్ప. తాడు మీంచి గిన్నె అందిస్తే, "బండిలోకి బయటి వస్తువు రాకూడదు" అని చేతులు కట్టుకుంటాడు. ఆవిడ ఏటా గిన్నెతో ఇంటికి తిరిగొచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చేది. ఆ సంగతి తాక్‌కి తెలీదు.

ఆ ఏడు అతనికి ఆఖరి ప్రయాణం. అదీ మచ్చ లేకుండా ముగిస్తే, పటాలం ముందు కర్నల్ స్వయంగా మెడల్ పెడతానన్నాడు. చదువూ ఆస్తీ లేని మనిషి, మురిసిపోయాడు. జీవితానికి మిగిలేది అదొక్కటే మరి.

ఆ రోజు ఓక్‌బున్ అరవలేదు. అనుమానం రావద్దూ? "చివరికి దారికొచ్చింది" అనుకుని సంబరపడ్డాడు పిచ్చి మారాజు. అతను ఇంజన్ వైపు గొలుసులు తడుతుంటే, ఆవిడ వెనకవైపు నుంచి తాడు కింద దూరింది. అక్కడ నిలబడ్డ, బండితో వచ్చిన కాపలా సిపాయిలిద్దరూ సార్జెంటు గారి భార్యని ఆపలేక, మబ్బుల్ని చూస్తూ నిలబడ్డారు. ఆవిడ డబ్బా నిండా కొత్త కిమ్చి చివరి ట్యాంకు టార్పాలిన్ కింద దోపి, ఏమీ ఎరగనట్టు వచ్చేసింది. దించేచోట విప్పేది మొగుడే, విప్పగానే తింటాడు అని ఆవిడ లెక్క.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కిమ్చి పెడుతున్న చెయ్యే, కంగారులో ఘోరం చేసింది. పులిసేటప్పుడు పొంగడానికి చోటుంచకుండా, అంచుదాకా కూరి మూత బిగించేసింది. దానికి తోడు, దారి ఖాళీ లేక బండి జంక్షన్లో రోజుల తరబడి ఎండలో పడుంది.

దించేచోట కర్నల్ చూ మెడల్ జేబులో వేసుకుని వచ్చాడు. ట్యాంకులన్నీ చూస్తూ చివరి వ్యాగన్ దగ్గరికి రాగానే, ధడాం!

"బాంబు!" అని ఎవడో అరిచాడు. కర్నల్ బురదలో బోర్లా పడ్డాడు. తాక్ మాత్రం ట్యాంకుకీ కర్నల్‌కీ మధ్య దూకి చేతులు చాపి నిలబడ్డాడు. టార్పాలిన్ అంచు నుంచి ఎర్రగా ఏదో కారుతోంది. వేలితో తాకి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు రొయ్యలు, పియర్ పండు తురుము, ఒళ్ళు మరిచి దంచిన వెల్లుల్లి. అంత వెల్లుల్లి వేసే మనిషి భూమ్మీద ఒక్కతే.

"తాడు దాటిందెవరు?" కర్నల్ బురద తుడుచుకుంటూ గర్జించాడు. "ఎవరైనా సరే, సైనిక పోలీసులకి అప్పగిస్తా!"

సిపాయిలిద్దరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. వాళ్ళ మొహాలు చూడగానే జరిగిందంతా తాక్‌కి అర్థమైపోయింది. వాళ్ళని చూపించి, పెళ్ళాం పేరు చెబితే చాలు, తన మెడల్ తనకే.

"నేనేనండి. తిండి యావ కొద్దీ నేనే పెట్టుకున్నా."

"ముప్ఫై ఏళ్ళ పేరు క్యాబేజీ కోసం తగలేసుకున్నావా?"

"చిత్తం. మంచి క్యాబేజీ అండి."

ఉత్త ఛాతీతో ఇంటికొచ్చాడు.

"మెడల్ ఏదయ్యా?" ఓక్‌బున్ ఎదురొచ్చింది.

"ఇవ్వలేదు. బండిలో కిమ్చి పేలింది."

ఆవిడ ఉన్నచోటే కూలబడింది. "నా చేతులు పడిపోనూ! నేనే పెట్టానని చెప్పొద్దూ? నా పేరు చెబితే నీ మెడల్ నీకు దక్కేదిగా!" అని గొల్లుమంది.

తాక్ బూట్లు విప్పుకుంటూ విసుక్కున్నాడు. "ఊరుకోవే. ఇన్నేళ్ళూ రైలుని నీ నుంచి కాపాడా. ఒక్కసారి నిన్ను కాపాడుకుంటే తప్పా? అన్నం పెట్టు. కిమ్చి మిగిలిందా, అంతా పేల్చేశావా?"