నాలుగింటికి మిషను మూసేసే అక్క

మా టైలరక్క పోయిందని శుక్రవారం కార్డు వచ్చింది. ఆమె పోయింది సోమవారం. మధ్యలో ఆ నాలుగు రోజులూ నేను తిరుపతిలో మా ఆఫీసులో కూర్చుని టైపు కొడుతూనే ఉన్నాను. ఒకరోజు ఎవరో ఏదో అంటే పగలబడి నవ్వాను కూడా. కార్డు రాసింది ఆమె ఎదురింట్లో ఉండే రిటైరైన పోస్టుమాను. "నిద్దట్లోనే పోయింది తల్లీ, కష్టపడలేదు" అని రాశాడు.

నాకు ఆమె తోడబుట్టింది కాదు, చుట్టమూ కాదు. డెబ్భైల చివర్లో చిత్తూరులో ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. ముందు గదిలో ఆమె రవికెలు కుట్టేది. భర్త లేడు, పిల్లల్లేరు. మా అమ్మా నాయనా అప్పటికే పోయారు. ఒకే కప్పు కింద ఇద్దరు ఒంటరివాళ్ళం, మధ్యలో ఒక తలుపు.

మొదటి సెలవు రోజునే గమనించాను. సాయంత్రం నాలుగు కొట్టగానే మిషను చప్పుడు ఆగిపోయింది. అప్పుడు పెళ్ళిళ్ళ కాలం. ఒకావిడ గుమ్మంలో నిలబడి బతిమాలుతోంది.

"రేపే ముహూర్తమక్కా. ఒక్క రవికె. ఎంతడిగితే అంతిస్తా."

"తెల్లారి ఆరుకి కూచుంటా. ఏడుకి వచ్చి తీసుకుపో."

"ఇప్పుడు ఖాళీనే గదా నువ్వు?"

"ఖాళీ యాడిది? నాకు నడిసే పనుండాది."

మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని రైల్వే స్టేషను దాకా నడిచేది. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుని పాకాల వైపు పోయే బండిని చూసేది. ఎవరినీ ఎక్కించడానికి కాదు, దించుకోవడానికీ కాదు. వచ్చేటప్పుడు పకోడీలో, సీతాఫలమో, ఏదో ఒకటి కొనుక్కునేది. నాకూ కొంచెం తలుపు సందులోంచి అందించేది.

"చేతికి పని, కాలికి తిరుగుడు, నోటికి రుచి. మూడిట్లో ఏది తగ్గినా మనిషి ఒక పక్కకి ఒరిగిపోతాది" అనేది.

నేను ఒరిగిపోయిన మనిషినే. ఆఫీసు అయ్యాక ఒక వకీలు దగ్గర మళ్ళీ టైపు పని. ఆదివారాలు కూడా పోయేదాన్ని. డబ్బు అంత అవసరమై కాదు. గదికి వస్తే పలకరించేవాళ్ళు ఉండరు, అదీ సంగతి. అన్నం వండుకోవడం కూడా దండగనిపించి బన్నూ అరటిపండూ తిని పడుకునేదాన్ని. ఒకరోజు నన్ను వాకిట్లోనే ఆపింది.

"ఎవురి కోసరం మే ఇంత కష్టం?"

"నా కోసమే అక్కా. ముందుముందుకు ఉంటుందని దాస్తున్నా."

"దాసుకో, వద్దన్లేదు. కానీ నువ్వు దుడ్లు దాసేది కాదు పాపా, నువ్వే పనిలో దాక్కుంటా ఉండావు."

నాకు కోపం వచ్చింది. "నీకేమక్కా, రేపటి చింత లేదు" అనేశాను.

ఆమె నన్ను కూర్చోమంది. "మా ఆయన కూడా టైలరే. ఈ మిషను ఆయందే. ఇద్దరం పగలూ రేయీ కుట్టేవాళ్ళం. ఒక పండక్కి ఆయన తనకని తెల్ల సిల్కు గుడ్డ తెచ్చుకున్నాడు. ఊరందరివీ అయినంక మనది కుట్టుకుందాంలే అనె. మూడేండ్లు అట్లనే మడతలో ఉండె. జొరమొచ్చి నాలుగు రోజుల్లో పోయినాడు. ఆ గుడ్డని కత్తెర పెట్టకుండానే ఆయన మీద కప్పినా." చీర కుచ్చెళ్ళకు అంటిన దారప్పోగు ఒకటి తీసేసింది. "టైలరు పెండ్లాన్ని మే నేను. మొగుడికి ఒక చొక్కా కుట్టలేకపోయినా."

ఆ తరవాతి ఆదివారం వకీలు దగ్గరకు పోలేదు.

"శ్రీహరికోటలో రాకెట్లు ఇడస్తారంట, సూసొద్దాం పా" అంది. రోజూ ఎగురుతాయనే అనుకున్నాం ఇద్దరం. తెల్లారి బస్సెక్కి, ఊరూరా బస్సులు మారి సూళ్ళూరుపేటలో దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. రాకెట్టు ఎన్నింటికని టీ అంగట్లో అడిగాం. అతను నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అదేమన్నా సినిమానా అమ్మా, రోజుకు మూడాటలు వేసేదానికి?"

నాకు సిగ్గేసింది. బస్సు చార్జీలు దండగ అనుకున్నాను. అక్క మాత్రం అతనికన్నా గట్టిగా నవ్వింది. "సరేనప్పా, ఇంకేముండాది ఈడ సూసేదానికి?" అంది. అతను పులికాట్ చెరువు వైపు దారి చూపించాడు. పోయి చూస్తే కంటికి ఆనినంత దూరం నీళ్ళు, నీళ్ళలో బారులు తీరిన గులాబీరంగు కాళ్ళ కొంగలు. ఉడికించిన చెనిక్కాయలు ఒలుచుకుంటూ మూడు గంటలు కూర్చున్నాం. తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. అంతకు ముందు నా భుజం మీద ఎవరు తల పెట్టారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"రాకెట్టు సూడకపోతే మాన్లే, దినమైతే సూసినాం" అంది ఇంటికొచ్చి తాళం తీస్తూ.

ఆమెకు ఒంటరితనం తెలియదని కాదు. పండగ రోజుల్లో వీధంతా సందడిగా ఉంటే మిషను మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చుని ఉండడం నేను చూశాను. "తోడు లేనోళ్ళకి సంతోషం దానంతటది రాదు పాపా. పేరు పెట్టి పిలుసుకోవాల" అంది అలాంటి ఒక రోజున.

తరవాత నాకు ప్రమోషను మీద తిరుపతికి బదిలీ అయింది. ఆమె అడ్డు చెప్పలేదు. "జీతం పెరిగితే మంచిదే, పో. పెరిగిన దాంట్లో రోంత నీ మీద కూడా కర్సు పెట్టుకో" అంది. నేను పెట్టుకోలేదు. కొత్త ఊళ్ళో కొత్త పని, మళ్ళీ పాత అలవాటు. ఎనిమిదేళ్ళలో చిత్తూరుకు పోయింది నాలుగైదు సార్లు. గంటన్నర దారి అది.

పోయిన సంక్రాంతి అయ్యాక ఉత్తరం రాయించింది. చూపు తగ్గింది, మిషను ఆపేశాను, ఒకరోజు నీ దగ్గరికి వస్తాను, సెలవు పెడితే ఇద్దరం ఊరికే తిరుగుదాం అని. మార్చి దాకా పని ఎక్కువ, ఆ తర్వాత రమ్మని రాశాను. మార్చి పోయింది. ఏప్రిలూ పోయింది. ఆమె మళ్ళీ అడగలేదు. నేనూ పిలవలేదు. అది రాయడానికే ఇదంతా రాస్తున్నానేమో.

కార్డు వచ్చిన మర్నాడు రెండో శనివారం, ఆఫీసు లేదు. చిత్తూరు వెళ్ళాను. తలుపుకు తాళం. పోస్టుమాను, అతని భార్య నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ముగ్గురం ఆ తాళం వైపు చూస్తూ ఉండిపోయాం.

సోమవారం సెలవు పెట్టాను. జ్వరం లేకుండా సెలవు పెట్టడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. పదింటికల్లా ఏం చేయాలో తోచలేదు. తిరుచానూరు బస్సెక్కాను. అమ్మవారి దర్శనం చేసుకుని బయట నిలబడి ఉంటే పూలు కట్టుకుంటున్న ఒకామె పిలిచింది.

"ఎవురి కోసరం సూస్తా ఉండావక్కా?"

"ఎవరి కోసమూ లేదమ్మా."

"అట్లయితే ఎండలో ఎందుకు? ఈడ కూచో."

గోనెపట్టా మీద కొంచెం జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. ఆమె వేళ్ళు కనకాంబరాలు ముడేస్తూనే ఉన్నాయి. దండ ఆమె ఒళ్ళోంచి పట్టా మీదికి జారి, మెల్లగా నా మోకాలి దాకా వచ్చింది. నేను కాలు కదపలేదు.