డాక్టరమ్మకు చెప్పని ఫ్రిజ్

ఒంటినిండా ఈసీజీ తీగలు తగిలించుకుని, ఆస్పత్రి మంచం మీద పడుకుని, పెళ్ళాం ముందు అబద్ధమాడి దొరికిపోయిన మగవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? అది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే దుప్పట్లో మొహం దాచుకోవాలనిపిస్తుంది.

అప్పట్లో మేం ఉద్యోగం కోసం హిందీవాళ్ళ ఊరొచ్చి, అక్కడ స్మృతి నగర్‌లో ఉండేవాళ్ళం. ఎండలు ముదురుతున్నాయి. మేడమీది కూలర్ కిందికి దించమని మా ఆవిడ లక్ష్మి వారంగా అడుగుతోంది. నడుం పట్టేసిందని మూలుగుతూ తప్పించుకున్నాను. ఆ ఆదివారమే, కూరగాయలకని చెప్పి వైశాలి నగర్ వెళ్ళాను. ప్లాంటులో నాతో పనిచేసే వర్మ అక్కడ ఇల్లు మారుతున్నాడు. వాళ్ళ మామగారు నన్ను చూసి, "తెలుగువాళ్ళకి బలం ఎక్కువ భాయ్!" అన్నారు. ఇంకేముంది, పొంగిపోయాను. ఫ్రిజ్‌ను ఒక పక్క ఇద్దరు పట్టుకుంటే, రెండోపక్క నేనొక్కణ్ణే పట్టి మూడో అంతస్తుకు ఎక్కించాను. చప్పట్లు కూడా కొట్టారు.

మర్నాడు పొద్దున్న ఛాతీలో ఎడమవైపు మొద్దు నొప్పి. ఫోన్‌లో వెతికితే అజీర్తి, కండరాలు, ఊపిరితిత్తులు, గుండె అని వరసగా చెప్పింది. నాకు గుండె ఒక్కటే కనబడింది. ఫ్రిజ్ గుర్తు రాలేదా అంటారా? వచ్చింది. అంత బలవంతుడికి ఫ్రిజ్ ఒక లెక్కా అని కొట్టిపారేశాను.

"ఏటండీ, అలా చెమట్లు పట్టీసినాయి?" అంది లక్ష్మి.

"గుండె..." అన్నాను, సగం ప్రాణం పోయినట్టు.

అరగంటలో ఆస్పత్రిలో ఉన్నాం. పక్కూరు కుమ్హారి నుంచి మా బావమరిది రమణ స్కూటర్ మీద వచ్చిపడ్డాడు. కంగారులో ఒక కాలికి బూటు, ఇంకో కాలికి చెప్పు.

"బావా, ఏటయిపోయింది నీకు?" అని ఏడుపు.

డాక్టరమ్మ ఈసీజీ చూసి, "ఇది బాగానే ఉంది. ఈమధ్య బరువులేమైనా ఎత్తారా?" అని అడిగింది.

పక్కనే లక్ష్మి. "లేదు మేడమ్" అన్నాను.

"ఈయన ఎత్తలేరండీ, నడుం నొప్పి. కూలర్ కూడా నిన్న నేనూ పక్కింటి దీదీ కలిసి దించీసినాం" అంది లక్ష్మి, నా చెయ్యి నిమురుతూ.

నేను నడుం పట్టుకుని ఇంకాస్త మూలిగాను.

"అయితే రక్తపరీక్షలు చేసి, సాయంత్రం దాకా చూద్దాం" అంది డాక్టరమ్మ.

మధ్యాహ్నం వర్మ పరిగెత్తుకొచ్చాడు. "అరే భయ్యా! నిన్న మా ఫ్రిజ్‌ని మూడో అంతస్తుకు మోసిన మనిషివి, ఇవాళ ఏమైంది?"

లక్ష్మి నా చెయ్యి వదిలేసింది. రమణ తల దించుకుని తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఇద్దరూ కలిసి తిట్టి ఉంటే బాగుండేది.

ఇంతలో పరీక్షల కాగితాలతో డాక్టరమ్మ వచ్చింది. పక్కటెముకల మధ్య వేలితో నొక్కింది. వార్డంతా అదిరేలా అరిచాను.

"గుండెకేం ఢోకా లేదు. కండరం పట్టేసింది. ఛాతీ నొప్పని వెంటనే రావడం మంచిపనే. అడిగినప్పుడు దాచడమే తప్పు. పదిరోజులు బరువులెత్తకండి."

"అప్పడాల కర్ర ఎత్తొచ్చా మేడమ్?" అని అడిగింది లక్ష్మి.

"నిక్షేపంగా!"

ఆ పదిరోజులూ మా ఇంట్లో చపాతీలు ఎవరు చేశారో చెప్పక్కర్లేదు కదా.

అందుకే నలుగురి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఛాతీలో నొప్పి వస్తే ఆస్పత్రికే పరిగెడతాను. డాక్టరు ఏమడిగినా ఉన్నదున్నట్టు చెబుతాను. కాకపోతే, ముందు మా ఆవిణ్ణి కాస్త బయట కూర్చోమంటాను.