కొళాయి చప్పుడు

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు నేను సముద్రం వైపున్న ఒక స్టేషన్లో కానిస్టేబుల్ని. ఆడవాళ్ళం ముగ్గురం. రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చోవడం, ఆడ ముద్దాయి వస్తే పక్కన కూర్చోవడం, శివరాత్రికి శ్రీముఖలింగంలో ఆడవాళ్ళ క్యూ చూడడం, ఇవీ మా పనులు. ముద్దాయిని కోర్టుకు తీసుకెళ్ళే ఎస్కార్టు డ్యూటీ మగవాళ్ళది. అలాంటి డ్యూటీలు చేసినవాళ్ళకే పనిమంతులని పేరు. ఆ పేరు లేకపోతే ఎన్నేళ్ళ సర్వీసున్నా ఆ బల్ల దగ్గరే ఉంటాం.

నా నోరు ఊరుకోదు. ఒకరోజు రోల్‌కాల్లో అందరి ముందూ అడిగేశాను, మాకూ ఎస్కార్టు వెయ్యండి సార్ అని. ఎస్సై తలెత్తి చూసి, "సరే, వేస్తా. ముద్దాయి పారిపోతే మాత్రం సస్పెన్షను నీకే. ఇంకెప్పుడూ ఆడవాళ్ళెవరూ నన్నీ మాట అడగకూడదు" అన్నాడు. మిగతా ఇద్దరూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళ అవకాశాన్ని కూడా తెచ్చి నా నెత్తిన పెట్టుకున్నానని అప్పుడు తెలిసింది.

ముద్దాయిది భావనపాడు. బొబ్బిలి సంతలో చేపల దగ్గర తగువై ఒకడి తల పగలగొట్టాడని కేసు. వాయిదాలకు వెళ్ళకపోతే వారెంటు వచ్చింది. బొబ్బిలి కోర్టులో అప్పగించాలి. కోర్టు చెప్పందే బేడీలు వెయ్యకూడదు కాబట్టి దారి పొడుగునా మణికట్టు పట్టుకునే ఉండాలి. స్టేషన్లో రికార్డులు రాసే మా రైటరుకు ఇంకేం కావాలి! "చెయ్యి గట్టిగా పట్టుకోమ్మా, పాణిగ్రహణమే అనుకో" అన్నాడు. స్టేషనంతా నవ్వింది. నేనూ నవ్వాను, లోపల మాత్రం చచ్చే భయం. వాడు ఆరడుగులు, అలల మీద పడవ నెట్టిన చేతులు. వాడు ఒక్క విదిలింపు విదిలిస్తే నేనెక్కడ, నా పట్టెక్కడ?

ఆ పొద్దున్న నేను చుక్క నీళ్ళు తాగలేదు. అదేం కొత్త కాదు. మా స్టేషన్లో ఉన్నది ఒకే మరుగుదొడ్డి, దాని తలుపుకి గడియ లేదు. ఒకరు బయట కాపలా ఉంటే ఒకరం వెళ్ళేవాళ్ళం. అవతల వరండాలో మగవాళ్ళ బూట్ల చప్పుడు వినిపిస్తుంటే ఒంట్లోంచి ఏదీ కదలదు. కొళాయి పూర్తిగా తిప్పి, బకెట్లోకి నీళ్ళు దబదబా పడుతుంటే, ఆ చప్పుడు చాటున పని కానిచ్చుకునేదాన్ని.

నాకు తోడుగా వేసిన హెడ్‌కానిస్టేబుల్ గారు పాతకాలం మనిషి, సుగరున్నవాడు. శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు దిగేసరికే ఆయన మొహం తెల్లగా పాలిపోయి చెమటలు కారుతున్నాయి. "మాత్రేసుకున్నాను గానీ ఏటీ తిన్నేదమ్మా" అని బెంచీ మీద కూలబడ్డాడు. ఒక చేత్తో వాడి మణికట్టు వదలకుండానే రెండో చేత్తో బిస్కట్లు కొని ఆయన నోట్లో పెట్టాను. సరిగ్గా అప్పుడు ముద్దాయి నోరు విప్పాడు.

"అమ్మా, ఒంటికెల్లాల."

"కాసేపాగు."

"బస్సెక్కిన కాడి నించి ఆగే ఉన్నాను. ఇంక నావల్ల కాదమ్మా."

హెడ్డు గారి వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని చెయ్యి ఊపాడు, వెళ్ళమన్నట్టు. బొబ్బిలి బస్సుకి ఇంకో పావుగంట.

మగవాళ్ళ మరుగుదొడ్డి గుమ్మం దగ్గర కూర్చున్నతను నన్ను చూసి, "ఆడోల్లకి అటేపమ్మా" అన్నాడు. వెనక ఇంకో దారుందా అని అడిగితే, "నేదు, కిటికీ ఉంది" అన్నాడు. ఆ మాట వినకపోయుంటే బాగుండేది. వేరే దారి లేక మణికట్టు వదిలాను. పొద్దుటి నుంచి పట్టుకున్న చోట నా వేళ్ళ గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి. వాడు లోపలికెళ్ళాడు.

ఒకడు బయటికొచ్చాడు. ఇంకొకడొచ్చాడు. వాడి తరవాత వెళ్ళినవాళ్ళు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చేశారు. వీడు రాలేదు. పిలిచాను, పలకలేదు. సస్పెన్షను కాగితం, రైటరు నవ్వు, ఆ ఇద్దరి చూపూ అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. టోపీ సర్దుకుని లోపలికి నడిచాను.

లోపలున్న ముగ్గురూ గోడకి అతుక్కుపోయారు. ఒకాయన "రామ రామ!" అంటూ నన్ను దాటుకుని పరిగెత్తాడు. మా వాడు చివరి మూల గోడకి తల ఆనించి నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"పలకవేంరా?"

"రావట్లేదమ్మా." ఏడుపు గొంతు. "ఆడమనిసివి, పోలీసువి, గుమ్మంలో నిల్సున్నావు. ఏటొస్తాది? కూసింత దూరంగా ఎల్లమ్మా, నీ కాల్లట్టుకుంతాను."

నవ్వు రావాలి నిజానికి. రాలేదు. వాడు ఎలా బిగుసుకుపోయాడో నాకు బాగా తెలుసు. అయినా దూరంగా వెళ్ళలేను, కిటికీ ఉంది. వాడికి వీపు తిప్పి నిలబడి, పక్కనున్న కొళాయి పూర్తిగా తిప్పేశాను. బకెట్లోకి నీళ్ళు దబదబా పడ్డాయి. బకెట్టు సగం నిండేసరికి వాడు వచ్చి నా పక్కన నిలబడి, నేను అడక్కుండానే మణికట్టు చాపాడు.

బొబ్బిలి కోర్టులో అప్పగించి సంతకం తీసుకునేదాకా మళ్ళీ వాడు మాట్లాడలేదు. తిరుగు బస్సులో హెడ్డు గారు మాత్రం తేరుకుని పకపకా నవ్వుతూనే ఉన్నాడు. మర్నాటికి కథ స్టేషనంతా తెలిసింది. ముద్దాయిని అప్పగించిన సంగతి అందులో లేదు.

రోల్‌కాల్లో ఎస్సై నన్ను ముందుకు పిలిచాడు. "మగాళ్ళ బాత్రూములో దూరావంట. యూనిఫాంలో ఉండి సిగ్గనిపించలేదా? అందుకే మీకు ఎస్కార్టు వద్దనేది" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇప్పుడు తల దించుకుంటే ముగ్గురం దించుకున్నట్టే.

"సార్, మన టేషన్లో ఉన్నదొక్కటే బాత్రూము. నాలుగేళ్ళ నించి నేను మగోళ్ళ దాన్లోకే ఎల్తన్నాను. సిగ్గనిపించనేదా అని ఎవరూ అడగనేదు."

ఎస్సై చేతిలోని డ్యూటీ పుస్తకం మూసి, "డిస్పర్స్" అన్నాడు. తరవాతి వారం ఎస్కార్టు జాబితాలో నాతో పాటు మిగతా ఇద్దరి నంబర్లూ ఉన్నాయి. తలుపుకి గడియ మాత్రం మరో ఏడాదికి గానీ రాలేదు.