తోడల్లుడి సాఫ్ట్‌వేర్‌కు తాళం పడలేదు

రేపల్లెలో విత్తనాల కొట్టున్న మా తోడల్లుడు, కంప్యూటర్లో సరుకు వివరాలు రాసుకునే ఒక సాఫ్ట్‌వేర్‌ను సీడీల్లో అందరికీ ఊరికే పంచి పేరు తెచ్చుకున్నాడు. దాన్ని తయారుచేసే కంపెనీని పెద్ద కంపెనీ ఒకటి కలిపేసుకుందని ఈ రోజు పేపర్లో చూసి, సంతోషం పట్టలేక బస్సెక్కి వెళ్లాను.

“ఏరా, ఇక దానికి తాళం వేసేస్తారంటగా?” అన్నాను.

“దాని సోర్స్ కోడ్, అదే దాన్ని తయారుచేసిన మూల రాత, కంపెనీ ఎప్పుడో ఇచ్చేసింది, అందరి దగ్గరా ఉందన్నయ్యా. నందివెలుగులో నువ్వు పొలం అమ్మేశావని, నువ్విచ్చిన వరి విత్తనం మా చేలో మొలవడం మానేసిందా ఏంటి? వాళ్లివ్వకపోతే మేమే పెంచుకుంటాం” అన్నాడు.

కడుపు మండిపోయింది. ఒకప్పుడు విత్తనం కోసం జనం నా గుమ్మంలో నిలబడేవాళ్లు. ఇప్పుడు సీడీ కోసం వాడి గుమ్మంలో నిలబడుతున్నారు.

మీకూ ఇలాంటి తోడల్లుడుంటే రాయండి. త్వరగా రాయండి, నేను అక్షరం అక్షరం వెతుక్కుని కొడుతున్న ఈ కంప్యూటరూ వాడిదే.